నర్సింగులో పై చదువు – మంచము దగ్గరకా, మంచమునకు దూరముగానా?





పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో ప్రార్థన కొరకు మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో నర్సింగు చదివిన పిల్లల తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. "అయ్యగారూ, అమ్మాయికి బి.ఎస్సీ. నర్సింగు అయిపోయింది. ఉద్యోగంలో చేర్పించమంటారా, ఎం.ఎస్సీ. చదివించమంటారా, పాస్‌పోర్టు తీయించమంటారా?" అని అడుగుతారు. మన సంఘములలో నర్సులు లేని సంఘము అరుదు. కనుక ఈ నెల ఈ శీర్షికలో ఈ ప్రశ్ననే తీసుకుంటున్నాము. జవాబు చెప్పేముందు మేము ఒక ఎదురు ప్రశ్న వేస్తాము. ఆ చదువు మీ బిడ్డను రోగి మంచము దగ్గరకు తీసుకొని వెళ్తుందా, లేక మంచమునకు దూరముగా తీసుకొని వెళ్తుందా?

క్లినికల్ నర్స్ స్పెషలిస్టు అంటే ఎవరు?

డాక్టర్లలో గుండె డాక్టరు, ఎముకల డాక్టరు ఉన్నట్లు నర్సులలో కూడా ఒక రకము రోగుల సేవలో లోతైన చదువు, లోతైన అనుభవము సంపాదించినవారు ఉంటారు. వారినే క్లినికల్ నర్స్ స్పెషలిస్టులు అంటారు. క్యాన్సరు మందు నరములోనికి ఎక్కించేటప్పుడు సూది పక్కకు జారితే ఏమి చేయాలి, మంచాన పడినవారి వీపున పుండ్లు పడకుండా ఎట్లా కాపాడాలి, వెంటిలేటరు మీద ఉన్నవారికి ఊపిరితిత్తుల్లో చీము చేరకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి – ఇట్టి విషయాలలో వార్డు అంతా వారి మాట కొరకు చూస్తుంది.

వీరి పని మూడు చోట్ల ఉంటుందని ఈ వృత్తిలోని పెద్దలు చెప్తారు. మొదటిది, కష్టమైన రోగులను స్వయముగా చూచుట. రెండవది, తక్కిన నర్సులకు నేర్పించి వారి చేయి స్థిరపరచుట. మూడవది, ఆసుపత్రి పద్ధతులనే సరిచేయుట. ఒక వార్డులో రోగులకు మళ్ళీ మళ్ళీ ఇన్‌ఫెక్షను వస్తుంటే, ఎక్కడ లోపము జరుగుతుందో వెదకి ఆ పద్ధతి మార్చేదాకా వీరు ఊరుకోరు.

ఇది చదివినప్పుడు మాకు లూకా సువార్త 10వ అధ్యాయములోని సమరయుడు జ్ఞాపకము వస్తాడు. అతడు గాయములకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టుకట్టాడు. అది రోగి సేవ. పూటకూళ్ళవానికి అతనిని అప్పగించి, చూచుకొనుమని చెప్పాడు. అది తోటి సేవకుని సిద్ధపరచుట. రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. అది తాను లేనప్పుడు కూడ సేవ ఆగకుండా చేసిన ఏర్పాటు. ఈ మూడు పనులూ అతడు ఒక్క మనిషి కొరకే చేశాడు. నర్సింగులో పై చదువు వెనుక కూడా ఒక మనిషి ఉండాలి.

ఈ చదువు ఎట్లా పుట్టింది?

అమెరికాలో ఒకప్పుడు నర్సులకు మాస్టర్స్ డిగ్రీ అంటే ఎక్కువగా పాఠాలు చెప్పుటకు, పరిపాలన చేయుటకు నేర్పే చదువే. 1954లో న్యూజెర్సీ రాష్ట్రములోని రట్గర్స్ విశ్వవిద్యాలయములో హిల్డెగార్డ్ పెప్లౌ అనే నర్సు, మానసిక రోగుల సేవ కొరకే నర్సులను నిపుణులుగా తయారుచేసే మాస్టర్స్ కోర్సు ప్రారంభించారు. ఎక్కువ చదివిన నర్సు రోగిని విడిచిపెట్టనక్కరలేదు, రోగి దగ్గర ఉండుటకే ఎక్కువ చదవవచ్చు అన్నది ఆ కోర్సులోని సంగతి. క్లినికల్ నర్స్ స్పెషలిస్టు చదువుకు అది పునాది అయింది.

మన దేశములో 1946లో ఢిల్లీలోను, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలోను నర్సింగు డిగ్రీ చదువు మొదలయింది. వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ నర్సుల శిక్షణ ప్రారంభించినది అంతకు ఎంతో ముందు, 1909లో. మన తెలుగు నేల సంగతి చూస్తే, డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చారు, 1898లో స్త్రీల కొరకు ఆసుపత్రి తెరచారు. ఆడపిల్ల పరాయి రోగిని ముట్టుకొనుట నామోషీ అని లోకము తలచిన దినములలో మన అమ్మమ్మలు మిషను ఆసుపత్రులలో ఆ పని నేర్చుకున్నారు. అట్టి వారసత్వము గలవారము గనుక ఈ చదువు సంగతి మనము తెలిసికొని మాట్లాడాలి.

మన దేశములో ఉన్న దారులు

మొదటి దారి, ఒక సంవత్సరపు పోస్ట్ బేసిక్ డిప్లొమాలు. జి.ఎన్.ఎం. గాని బి.ఎస్సీ. గాని పూర్తిచేసి, రిజిస్టరయి, కొంత పని అనుభవము ఉన్నవారు వీటిలో చేరవచ్చు. క్రిటికల్ కేర్, క్యాన్సరు, గుండె ఆపరేషన్లు, మూత్రపిండములు, నవజాత శిశువులు, అత్యవసర సేవ, ఆపరేషన్ థియేటరు, వృద్ధుల సేవ – ఇట్లా అనేక విభాగాలున్నాయి. ఇది మాస్టర్స్ డిగ్రీ కాదు. అయినా రెండు సంవత్సరాలు జీతము మానుకొనలేని ఇంటి పిల్లలకు ఇది మంచి మెట్టు. జి.ఎన్.ఎం. చదివినవారు మాస్టర్స్ దాకా వెళ్ళాలంటే ముందు రెండు సంవత్సరాల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయాలి.

రెండవ దారి, రెండు సంవత్సరాల ఎం.ఎస్సీ. నర్సింగు. దీనిలో ఐదు విభాగాలు: మెడికల్ సర్జికల్ నర్సింగు, పిల్లల ఆరోగ్యము, ప్రసూతి–స్త్రీల వ్యాధులు, మానసిక ఆరోగ్యము, సామాజిక ఆరోగ్యము. మెడికల్ సర్జికల్ తీసుకున్నవారు దానిలోనే గుండె, క్యాన్సరు, నరములు, క్రిటికల్ కేర్ వంటి ఉపవిభాగము ఎంచుకుంటారు. సాధారణముగా బి.ఎస్సీ.లో 55 శాతము మార్కులు, ఒక సంవత్సరము పని అనుభవము అడుగుతారు. ఎంచుకున్న విభాగముతో పాటు బోధన, పరిశోధన, పరిపాలన కూడా చదవాలి. ఒక పరిశోధనా వ్యాసము సమర్పించాలి. నర్స్ స్పెషలిస్టులను తయారుచేయుట ఈ కోర్సు ఉద్దేశాలలో ఒకటి.

మూడవ దారి క్రొత్తది. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండు సంవత్సరాల మాస్టర్స్ కోర్సును ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016-17లో ప్రవేశపెట్టింది. ఇది రెసిడెన్సీ పద్ధతి. అంటే తరగతి గది తక్కువ, ఐ.సి.యు. ఎక్కువ. పనిచేస్తూ నేర్చుకొనుట దీని ప్రాణము. మంచము దగ్గర ఉండాలని మనసున్న పిల్లలకు ఇది తగినది.

కాన్పుల సేవలో మనసున్నవారికి మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వము, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ వారు, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వము మిడ్‌వైఫరీ సేవలకు దేశమంతటికి మార్గదర్శకాలు విడుదల చేసింది. నిర్గమకాండము మొదటి అధ్యాయములోని షిఫ్రా, పూయా అను మంత్రసానుల పేర్లు మన పిల్లలకు తెలుసు. ఆ పరిచర్యకు ఈనాటి చదువు ఇది.

ఎక్కడ చదవాలి? ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము, తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయము క్రింద ఎం.ఎస్సీ. కళాశాలలున్నాయి. బయట ఢిల్లీ ఎయిమ్స్, రాజకుమారి అమృత్ కౌర్ కళాశాల, చండీగఢ్ పి.జి.ఐ., వేలూరు, లూథియానా క్రిస్టియన్ మెడికల్ కళాశాలలు పేరుగలవి. మానసిక రోగుల సేవకు బెంగుళూరు నిమ్‌హాన్స్ ఉంది. మన సంఘములలో మానసిక వ్యాధిని ఇంకా దయ్యమనో, సిగ్గుచేటనో దాచే కుటుంబాలున్నాయి గనుక ఆ విభాగము ఎంచుకొనే పిల్లలను మేము ప్రత్యేకముగా ప్రోత్సహిస్తాము.

కళాశాల ఎంచుకొనేటప్పుడు భవనము చూచి మోసపోవద్దు. మూడు సంగతులు అడగండి. ఈ కోర్సుకు కౌన్సిలు గుర్తింపు, విశ్వవిద్యాలయము అనుబంధము ఈ సంవత్సరమునకు ఉన్నాయా? కళాశాలకు సొంత ఆసుపత్రి ఉందా, దానిలో మీ బిడ్డ ఎంచుకున్న విభాగపు రోగులు నిజముగా ఉన్నారా? క్యాన్సరు వార్డు లేని చోట క్యాన్సరు నర్సింగు ఎట్లా నేర్పుతారు? హాజరు లేకుండానే డిగ్రీ ఇప్పిస్తామని ఎవరైనా అంటున్నారా? అట్లా అనేవారి గుమ్మము తొక్కవద్దు. ఆ డిగ్రీతో వచ్చిన నర్సు చేతిలో రేపు మన తల్లి ఉండవచ్చు. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము చేసింది. ఇది పాత కౌన్సిల్ చట్టము స్థానములో తెచ్చినది. కనుక పాత ప్రాస్పెక్టసు నమ్మక, చేరే సంవత్సరపు నిబంధనలే చూడండి.

విదేశాలకు వెళ్ళగోరే వారికి

అమెరికాలో క్లినికల్ నర్స్ స్పెషలిస్టు అనే పేరు చట్టము ఎరిగిన పేరు. నర్స్ ప్రాక్టీషనర్, నర్స్ మిడ్‌వైఫ్, మత్తు ఇచ్చే నర్సు – వీరితో పాటు నాలుగవ ఉన్నత శ్రేణి ఇది. దీనికి మూడు మార్గాలున్నాయి. రెండు సంవత్సరాలు, అంతకు పైన పట్టే మాస్టర్స్ డిగ్రీ ఒకటి. మరొక విభాగములో మాస్టర్స్ ఇప్పటికే ఉన్నవారికి దానిపైన సర్టిఫికెట్ కోర్సు రెండవది. డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్ అనే డాక్టరేటు మూడవది. ఏ మార్గమైనా కనీసము 500 గంటలు నిపుణుల పర్యవేక్షణలో రోగుల మధ్య పనిచేయాలి. పెద్దలు–వృద్ధులు, పిల్లలు, నవజాత శిశువులు – ఏ వర్గమునకు సేవచేయాలో ముందే ఎంచుకొని, ఆ వర్గములో జాతీయ సర్టిఫికేషను పరీక్ష వ్రాయాలి. 2030 నాటికి ఈ వృత్తిలో ప్రవేశమునకు డాక్టరేటు ఉండాలని ఆ నిపుణుల జాతీయ సంఘము 2015లో అభిప్రాయము తెలిపింది. ఇది ఇంకా చట్టము కాదు గాని, ఇప్పుడు బయలుదేరే పిల్లలు దీనిని లెక్కలో పెట్టుకోవాలి.

ఇక్కడి ఎం.ఎస్సీ. చేతిలో ఉన్నంత మాత్రాన అక్కడ స్పెషలిస్టు కాలేరు. ముందు సర్టిఫికెట్ల పరిశీలన, ఆంగ్ల పరీక్ష, ఎన్‌క్లెక్స్ పరీక్ష దాటి అక్కడ రిజిస్టర్డు నర్సు కావాలి. ఆ తరువాతనే ఈ మార్గాలు తెరుచుకుంటాయి. మొదట నర్సుగా ఉద్యోగములో కుదురుకొని, తరువాత పనిచేస్తూ చదివినవారికి భారము తగ్గుతుంది. "డబ్బు కట్టండి, నేరుగా స్పెషలిస్టు ఉద్యోగము" అనే ఏజెంటు మాట విన్నప్పుడు లేచి వచ్చేయండి. విదేశీ ఉద్యోగముల కొరకు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. ముందు అక్కడ విచారించండి.

దాచకుండా చెప్పవలసిన మాట

మన దేశములో క్లినికల్ నర్స్ స్పెషలిస్టు అనే పేరుతో వేరుగా రిజిస్ట్రేషను లేదు. చాలా ఆసుపత్రులలో ఆ పేరుతో పోస్టు కూడా లేదు. దాని ఫలితము ఏమిటంటే, ఎం.ఎస్సీ. చదివిన పిల్ల ఎక్కువగా కళాశాలలో ట్యూటరుగా చేరుతుంది. ఐ.సి.యు.లో ఐదు సంవత్సరాలు ఆరితేరిన చేతులు సుద్దముక్క పట్టుకుంటాయి. బోధన గొప్ప పరిచర్య. దానిని మేము తక్కువ చేయడము లేదు. బోధించుటకు పిలుపు ఉన్నవారు బోధించాలి. కాని వార్డులో ఉండాలని మనసున్న నర్సుకు పై చదువు తరువాత వార్డులో చోటు లేకపోవుట రోగులకు నష్టము. రాత్రి రెండు గంటలకు ఊపిరి అందని రోగి దగ్గర చిన్న సిస్టరు ఒక్కతే నిలబడినప్పుడు, "ఇట్లా చేయి అమ్మా" అని చెప్పగల పెద్ద సిస్టరు ప్రక్కన ఉండాలి కదా!

ఇది మార్చుట అసాధ్యము కాదు. వేలూరులో నర్సింగు కళాశాలను, ఆసుపత్రి నర్సింగు సేవను ఒక్కటిగా నడుపుతారు. పాఠము చెప్పేవారే వార్డు బాధ్యత కూడా మోస్తారు. మన మిషను ఆసుపత్రుల యాజమాన్యములో ఉన్న సహోదరులు ఈ మాట ఆలోచించాలని ప్రేమతో కోరుతున్నాము. ఎం.ఎస్సీ. చదివిన నర్సును ఒక్కరినైనా బోధన పేరుతో వార్డు నుండి లాగివేయక, తగిన పేరు, తగిన జీతము ఇచ్చి వార్డులోనే నిలబెట్టండి. నర్సులారా, మీరును ఉద్యోగములో చేరేముందు అడగండి: "నా చదువు తరువాత నాకు రోగుల మధ్య పని ఇస్తారా?" ఈ ప్రశ్న అడుగుట గర్వము కాదు.

తల్లిదండ్రులకు, భర్తలకు

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కవేసికొంటాడని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా 14లో ఉంది. ఫీజు ఒక్కటే లెక్క కాదు. రెండు సంవత్సరాలు ఆగిపోయే జీతము, హాస్టలు, పరిశోధనా వ్యాసము ఖర్చు, బ్యాంకు అప్పు వడ్డీ అన్నీ వ్రాసికొనండి. తరువాత వచ్చే జీతముతో ఆ అప్పు తీరుతుందో లేదో చూడండి. తీరదని తేలితే ఒక సంవత్సరపు డిప్లొమాతో మొదలుపెట్టుట తెలివితక్కువ కాదు.

ఇంకొక మాట కఠినముగా ఉన్నా చెప్పాలి. ఇంట్లో నర్సు ఉంటే ఇంటి అప్పులన్నీ ఆ పిల్ల జీతము మీద వేసే కుటుంబాలను మేము చూస్తున్నాము. తమ్ముని చదువు, ఇంటి స్లాబు, చెల్లి పెళ్ళి – అన్నిటికీ ఆమె జీతమే. ఆమె తన చదువు మాట ఎత్తితే మాత్రము "నీకెందుకమ్మా ఇప్పుడు?" అంటారు. కట్నము కొరకు దాచిన సొమ్ము ఆమె చదువుకు పెట్టండి. చేతిలో విద్య ఉన్న పిల్లకు అంతకంటె మంచి స్త్రీధనము లేదు. భర్తలారా, మీ భార్య రాత్రి డ్యూటీ చేసి వచ్చి పుస్తకము తీసినప్పుడు పిల్లల అన్నము మీరు కలపండి. మన మగపిల్లలు కూడా ఇప్పుడు ఈ వృత్తిలోనికి వస్తున్నారు. వారిని ఎగతాళి చేసే నోరు సంఘములో వినబడకూడదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు బాండు పేరుతో ఎవరి చేతిలోను పెట్టవద్దు. ఏ ఒప్పందమైనా చదివి, అర్థము చేసికొని, నకలు దగ్గర ఉంచుకొని సంతకము చేయండి.

సంఘము చేయవలసినది

వేలూరు వంటి సంస్థలలో సంఘముల సిఫారసు మీద విద్యార్థులను చేర్చుకొని, చదువు తరువాత మిషను ఆసుపత్రిలో కొంతకాలము సేవచేయుటకు మాట తీసికొనే ఆనవాయితీ ఉంది. ఆ సిఫారసు ఉత్తరము మొక్కుబడిగా వ్రాసేది కాదు. రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు ఫీబే కొరకు వ్రాసిన మాటలు చూడండి. ఆమె కెంక్రేయ సంఘపు పరిచారకురాలు, అనేకులకు సహాయము చేసినది. ఆమెకు ఏది అవసరమో అది చేయండి అని ఆయన రోమా సంఘమును అడిగాడు. అనేకులకు సహాయపడే స్త్రీకి సంఘము సహాయపడుట అపొస్తలుడు చూపిన మాదిరి.

కనుక సంఘ పెద్దలారా, ఈ సంవత్సరము మీ సంఘములో నర్సులు ఎందరున్నారో లెక్క వ్రాయండి. వారిలో పై చదువుకు మనసున్నవారు ఎవరో అడిగి తెలిసికొనండి. స్త్రీల సమాజము కానుకలో కొంత ఒక బిడ్డ ఫీజుకు కేటాయించండి. ఆదివారము రాత్రి డ్యూటీ వలన ఆరాధనకు రాలేకపోయిన నర్సును గైర్హాజరు లెక్కలో వేయకండి. ఆమె ఉన్న చోట కూడా ప్రభువు ఉన్నాడు.

పిల్లలారా, తలాంతు పాతిపెట్టిన దాసునివలె మీకున్న తెలివిని పాతిపెట్టవద్దు. చదవండి, పైకి చదవండి. అప్లికేషను నింపేముందు ఒక్కసారి మోకరించి, ఏ రోగుల కొరకు ఈ చదువు అడుగుతున్నారో ప్రభువుతో చెప్పండి. కాలిపోయిన చంటిబిడ్డలా, నొప్పితో రాత్రులు గడిపే క్యాన్సరు రోగులా, మనసు చెదిరిన యౌవనులా? ఆ ముఖములు కనబడితే విభాగము ఎంచుకొనుట కష్టము కాదు.

రోగులను ముట్టి స్వస్థపరచిన ప్రభువు మన నర్సుల చేతులను బలపరచును గాక. ఆమేన్.